ఉతుకుడు గదిలో గాలి

చెత్త కాల్చే కర్మాగారంలో ఆమె అందరికీ వదినే. కొలిమి దగ్గర పనిచేసే మరిది మొదటిరోజు 'వదినా' అని కేకేశాడు. ఇక మేనేజరు దాకా అందరికీ అదే పేరు ఖాయమైపోయింది. కార్మికుల బట్టలు ఉతకడం ఆమె పని.

ఆ రోజు పొద్దున్నే పరీక్షలు చేసే మేడమ్ పెట్టె నిండా బుల్లి యంత్రాలు తెచ్చింది. ఒక్కోటి సబ్బుపెట్టెంత. నడుముకు తగిలించుకుని, గొట్టాన్ని కాలరు దగ్గర బిగించుకుంటే, మనిషి పీల్చే గాలిలోని దుమ్మును అది చిన్న కాగితం మీద పట్టేస్తుంది. ఆ దుమ్ములో సీసం ఎంతుందో ల్యాబులో తేలుస్తారు.

"నాకూ ఒకటి పెట్టండి," అంది వదిన.

మేడమ్ లిస్టు చూసింది. "ఇవి కొలిమి దగ్గరా, బూడిద దగ్గరా ఉండేవాళ్లకమ్మా. మీరు లోపలికే వెళ్లరు కదా."

"నేను వెళ్లకపోతేనేం, లోపలిదంతా నా దగ్గరికే వస్తోంది! వీళ్ల బట్టలు దులిపితే ఎదురుగా ఉన్న గోడ కనబడదు."

మరిదికి తల కొట్టేసినట్టయింది. "ఊరుకో వదినా! అవేమన్నా నగలా, నీక్కూడా కావాలనడానికి?"

అంతలో క్రేన్ నడిపే పెద్దాయన తన యంత్రాన్ని విప్పి బల్లమీద పెట్టేశాడు. రోజంతా ఆ గుయ్‌మనే మోత తనవల్ల కాదన్నాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకునేలోపే వదిన దాన్ని అందుకుంది. మేడమ్ నవ్వేసి, తనే గొట్టం బిగించింది. "రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి, చాలు."

జేబుల్లో బూడిద ఉంటే బట్టలుతికే మిషను గొట్టం పూడుకుపోతుందని, బట్టలు దులిపాకే నానబెట్టాలన్నది అక్కడి పద్ధతి. ఆ రోజు నలభై జతలు దులిపింది వదిన. మధ్యమధ్యలో యంత్రం ఆగిందేమోనని నడుము తడిమి చూసుకుంది.

రెండు వారాలకు అందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టి మేడమ్ ఫలితాలు చదివింది. గాలిలో సీసానికి హద్దు యాభై మైక్రోగ్రాములు. కొలిమి దగ్గర ఇరవై రెండు. బూడిద ఎత్తేచోట ముప్పై ఆరు. అక్కడే అందరికన్నా ఎక్కువ ఉంటుందనుకున్నవాళ్లు హమ్మయ్య అనుకున్నారు.

"ఉతుకుడు గది, డెబ్బై నాలుగు."

"సరిగ్గా చూసి చదవండి మేడమ్," అన్నాడు మరిది.

"నేనూ నమ్మలేదు. రెండోసారి చేయించినా అంతే వచ్చింది," అంది మేడమ్.

వదినకు భయమేసింది. కానీ ఆ భయాన్ని తోసుకుంటూ ఇంకేదో పైకి పొంగింది. నాలుగేళ్లుగా తను మొత్తుకుంటున్న మాట ఇవాళ కాగితమ్మీద అంకె అయి కూర్చుంది! ఒక్క ఉదుటున లేచి మేనేజరు వైపు తిరిగింది.

"చూశారా? దులపడం ఆపేద్దాం సార్! బట్టలు మార్చుకునే గదిలోనే ఒక నీళ్ల తొట్టి పెట్టించండి. విప్పిన బట్ట విప్పినట్టే అందులో పడాలి. బూడిద అడుక్కి దిగాక పైపైన బట్టలు తీసి మిషన్లో వేస్తాను. గొట్టమూ పూడదు!"

మేనేజరు మేడమ్ వైపు చూశాడు. "అంతకన్నా మంచి ఉపాయం నాకూ తట్టదు," అంది ఆమె.

వదిన రక్తం కూడా పరీక్షించారు. సీసం కాస్త ఎక్కువే ఉంది గానీ మందుల దాకా పోనక్కర్లేదన్నారు. ఆ వారమే తొట్టి వచ్చింది, వదినకు మాస్కూ వచ్చింది. నెల తిరిగాక మేడమ్ మళ్లీ యంత్రం బిగించింది. ఈసారి ఫలితం నేరుగా ఉతుకుడు గదికే తెచ్చింది.

"ఎనిమిదమ్మా!"

"ఎనభయ్యా?" కంగారుగా అడిగింది వదిన.

"కాదు, ఎనిమిదే!"

తడిచేతులతోనే మేడమ్‌ను వాటేసుకుని, ఆవరణంతా పరుగున దాటి కొలిమి షెడ్డు గుమ్మం దగ్గర ఆగింది వదిన. లోపల హోరు. "ఎనిమిది!" అని అరిచింది. మరిదికి ఒక్క ముక్క వినబడలేదు. రెండు చేతులూ ఎత్తి ఎనిమిది వేళ్లు చూపించింది.

అతను అయోమయంగా ఆ వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. అర్థం కాగానే చేతిలోని పార కిందపడేసి, పక్కవాళ్ల భుజాలు పట్టి ఊపుతూ తనూ ఎనిమిది వేళ్లు ఎత్తాడు.