షిర్దక్ అడుగు వైపు

అట్‌బాషీ లోయలో తొలొముష్ ఇంట్లో తెల్లారగానే మొదటి పని షిర్దక్ దులపడం. అది అతని తల్లి బురుల్చా పడుచుదనంలో గొర్రె ఉన్ని తడిపి, తొక్కి, చుట్టి తయారుచేసిన దళసరి పరుపు. దాని మీద ఎవరు పడుకున్నా వాళ్ల ఒంట్లో ఉన్నది పొద్దుటికి ఉన్నిలో తేలుతుంది. తొలొముష్‌కి మోకాలు పట్టేసినప్పుడు మోకాలు ఆనిన చోట ఉన్ని గట్టిపడింది. అతని భార్య సయ్రగుల్ కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ మడమంత బుడిపె రోజుకో చోట లేచేది. దువ్వెనతో దువ్వి, గోడ మీద వేసి నాలుగు బాదితే అన్నీ పోయేవి. దీని గురించి ఊళ్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. చుట్టాల్ని మాత్రం దాని మీద కూర్చోబెట్టరు. ఒకసారి పెళ్లి మాటలకొచ్చిన పెద్దమనిషి మూలశంక సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసిపోయి, ఆయన టీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయాడు.

కర్చిగా తొలొముష్ వేటకుక్క. తైగాన్ జాతి, ఏడేళ్ల వయసు. మామూలు కుక్కలు వాకిట్లోనే ఉండాలి గానీ తైగాన్‌కి పొయ్యి పక్కన చోటుంటుంది. వసంతంలో దాని చలికాలపు బొచ్చు దువ్వుతుంటే సయ్రగుల్ వేళ్లకి మూడు గడ్డలు తగిలాయి. ఒకటి డొక్క మీద, ఒకటి భుజం దగ్గర, మూడోది వెనక కుడి తొడ మీద.

"ఇదిగో, ఇటొచ్చి చెయ్యి పెట్టి చూడు. ఆ రెండూ వేళ్ల కింద జారుతున్నాయి. ఇది మాత్రం కదలట్లేదు."

"పురుగు," అన్నాడు తొలొముష్, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే.

"పురుగు ఆవులకి కదా పట్టేది?"

"ఇది తిరిగేది ఆవుల మధ్యే కదా!"

ఏటా మంచు కరిగేసరికి ఆవుల వీపు మీద, తోలు కింద ఈగ పురుగులు గడ్డలు కడతాయి. రెండు బొటనవేళ్లూ చెరోవైపు పెట్టి నొక్కితే పురుగు టప్పున బయటపడుతుంది. ఆ పనిలో తొలొముష్ బొటనవేళ్లకి లోయంతా పేరు. పక్క ఊళ్ల వాళ్లు కూడా గుర్రమిచ్చి మరీ పిలిపించుకునేవారు. ఆ పేరే కొంప ముంచింది.

తొడ మీద గడ్డని నొక్కాడు. ఏమీ రాలేదు. పట్టుదలకి పోయి మళ్లీ నొక్కాడు. మధ్యాహ్నానికి గడ్డ కోడిగుడ్డంత ఉబ్బి ఎర్రబడింది. కర్చిగా తిన్నదంతా కక్కుకుని, నీళ్లు ముట్టకుండా పడుకుంది. రెండో రోజుకి వాపు తగ్గితే, "చూశావా, నా చెయ్యి!" అన్నాడు తొలొముష్. మూడో రోజుకి మళ్లీ ఉబ్బింది.

ఇంకో మూడు వారాల్లో మందతో కనుమ దాటి ఎండాకాలపు మేతకి పోవాలి. జబ్బు చేసిన కుక్కని కనుమ దాటించరు. ఆకలికి చావమని ఊళ్లోనూ వదిలిపెట్టరు. పెంచినవాడే తుపాకీ పట్టుకుని దాన్ని వాగు దాకా నడిపించుకుపోవాలి. తొలొముష్ ఇదివరకు రెండు కుక్కల్ని అలా తీసుకెళ్లాడు. కర్చిగా విషయంలో తనకి చెయ్యాడదని అతనికి తెలుసు. అందుకే భయమేసింది. పైకి మాత్రం కుక్క మీద విసుక్కున్నాడు.

"గొణిగింది చాలు గానీ, దాన్ని షిర్దక్ మీద పడుకోబెట్టరా," అంది బురుల్చా.

పొద్దున్నే చూస్తే ఉన్ని మీద మూడు బుడిపెలు లేచి ఉన్నాయి. మూడూ తెల్లగా, మూడూ ఒకేలా ఉన్నాయి.

"మూడూ ఒకటే రకం! నే చెప్పలా?" అని తొలొముష్ రొట్టె మీద వెన్న దట్టంగా రాసుకున్నాడు.

సయ్రగుల్ షిర్దక్‌ని బయటికి తీసుకెళ్లి గోడ మీద వేసింది. తొందరలో తిరగేసి వేసింది. కర్ర ఎత్తి, అలాగే దించేసింది. రెండు బుడిపెలు అడుగుదాకా రాలేదు. మూడోది, తొడ ఆనిన చోటుది, వచ్చింది. ఎర్రటి వేర్లు దిగి, కుక్క మోకాలి వైపు అరచెయ్యంత మేర పాకి ఉన్నాయి.

"అత్తయ్యా! ఒకసారి ఇటు రండి."

బురుల్చా వచ్చి చాలాసేపు చూసింది. "దీన్ని చేసి నలభై ఏళ్లయింది. ఎప్పుడూ పైపైన దువ్వడమే గానీ, తిరగేసి చూడలేదే," అంది.

షిర్దక్‌ని చుట్టి కారు పైన కట్టారు. కుక్కని వెనక సీట్లో ముసలమ్మ ఒళ్లో పడుకోబెట్టారు. పట్నంలో పశువుల డాక్టరు జైనగుల్ మూడు గడ్డలనీ తడిమి, ఒక్కోదాంట్లో సన్నటి సూది గుచ్చి, వచ్చిన చుక్కని గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినిలో చూసింది.

"ఈ రెండూ కొవ్వు. ఉన్నా ఏం కాదు. తొడ మీదది చెడ్డ గడ్డ. దీన్ని ఎవరైనా పిసికారా?"

తొలొముష్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "నేనే. ఆ రోజంతా కక్కుకుంది," అన్నాడు.

"ఇలాంటిదాన్ని నొక్కితే లోపలి సరుకంతా ఒంట్లోకి పోతుందన్నా. ఆ వాంతులు అందుకే. ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. తగ్గినప్పుడు నయమైందనుకుని మోసపోతాం."

"తీసేస్తే సరిపోతుందా?"

"చుట్టూ రెండు వేళ్ల వెడల్పు తీసేస్తాను."

"రాత్రి ఇది పడుకున్న పరుపు, చూడండి," అని సయ్రగుల్ షిర్దక్‌ని బల్ల మీద తిరగేసి పరిచింది. జైనగుల్ కళ్లజోడు తుడుచుకుని వంగి చూసింది. ఎర్రటి వేర్ల వెంట తన వేళ్లతో కొలుచుకుంటూ పోయి, చివర ఆగింది.

"రెండు వేళ్లు చాలవు. అలా చేస్తే చలికాలానికి మళ్లీ వస్తుంది. కాలు మొదలంటా తియ్యాలి."

"పరిగెత్తలేని తైగాన్ దేనికి డాక్టరమ్మా? నక్కలు కూడా నవ్వుతాయి," అన్నాడు తొలొముష్.

"మోకాలు పట్టేసి రెండేళ్లు గుర్రమెక్కలేదు నువ్వు," అంది బురుల్చా. "నిన్ను వాగు దగ్గరికి తీసుకెళ్లామట్రా?"

సయ్రగుల్‌కి నవ్వాగలేదు. డాక్టరు చేతులు కడుక్కునే వంకతో అటు తిరిగింది. తొలొముష్ కుక్క తల దగ్గరికెళ్లి నిలబడ్డాడు. కర్చిగా అతని జేబు వాసన చూసింది.

"తీసెయ్యండి. నేను పట్టుకుంటాను."

"మత్తిస్తాం కదన్నా, పట్టుకోనక్కర్లేదు."

"అయినా పట్టుకుంటాను."

ఆ ఏడు వాళ్లు మేతకి పది రోజులు ఆలస్యంగా బయల్దేరారు. కనుమ ఎక్కేటప్పుడు తొలొముష్ మూడు కాళ్ల కుక్కని కోటులో చుట్టి, జీను మీద తన ముందు కూర్చోబెట్టుకున్నాడు. "ఏరా, కొత్త పెళ్లికూతురా?" అని ఎదురొచ్చిన కాపరి ఒకడు అరిచాడు. "అవునురా, నీ దానికంటే తక్కువ మొరుగుతుంది," అని తొలొముష్ గుర్రాన్ని అదిలించాడు.

కొండ మీద మొదటి పొద్దున, రాత్రంతా కర్చిగా పడుకున్న షిర్దక్‌ని తొలొముష్ తనే ఎత్తాడు. ముందుగా అడుగు వైపు చూశాడు. ఎక్కడా ఎరుపు లేదు. చేత్తో అంతా తడిమి చూసుకుని, అప్పుడు పైకి తిప్పాడు. డేరా గుమ్మం వైపు అంచు నుంచి పొయ్యి వైపు అంచు దాకా ఉన్నిలో పాదాల గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. దూరం దూరంగా ఉన్నాయి, బాగా పరిగెత్తినప్పుడు పడేలాంటివి. అతను లెక్కపెట్టాడు. ప్రతి అంగకీ నాలుగు. వెనక కుడి పాదానిది అన్నిటికన్నా లోతుగా ఉంది. అతను పొయ్యి పక్కకి జరిపినా కర్చిగా ముక్కు తోక కింద దూర్చుకుని ఇంకా నిద్రపోతూనే ఉంది. తొలొముష్‌కి ఏడుపొచ్చింది. ఏడ్చాడు.

సయ్రగుల్ దువ్వెన పట్టుకొచ్చింది. "దువ్వెయ్యనా?"

"వద్దులే. ఉండనీ," అని అతను షిర్దక్‌ని మెల్లగా కింద పరిచాడు. ఆ రోజు ఎవర్నీ దాని మీద కాలు పెట్టనివ్వలేదు. అందరూ గడ్డిలో కూర్చునే టీ తాగారు.