అభ్యంతరం ఉన్నవారు

మా ముందుగదిలో దుకాణం పెట్టాలంటే పురపాలక ఆఫీసు లైసెన్సు కావాలి. దానికి ముందు గేటుకి నోటీసు అతికించాలి: ఫలానా పని మొదలుపెడుతున్నాం, అభ్యంతరం ఉన్నవారు పదిహేను రోజుల్లోగా తెలపండి, అని. ఆ గడువు దాటితేనే కాగితం కదులుతుంది.

ఆయన పోయి రెండేళ్లయింది. కుట్టుమిషను ఉంది, చెయ్యి ఆడుతుంది. దుకాణమంటూ ఉంటే పగలంతా వీధితలుపు తీసి పెట్టుకోవచ్చు. ఒంటరిది ఊరికే తలుపు బార్లా తీసుకు కూర్చుంటే ఏమిటో అనుకుంటారు. దుకాణమైతే ఎవరూ ఏమీ అనరు. నాకు కావలసింది అదే.

నోటీసు నేనే రాశాను. యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్న అక్షరాలు, దూరానికి కూడా కనబడేంత లావుగా.

నాలుగో రోజు గేటు దబదబ మోగింది. పక్కవాటా ఆవిడ. ఆరేళ్లుగా ఎదురుపడితే తల ఊపుకోవడమే తప్ప మా మధ్య మాటల్లేవు.

“ఇదేం బుద్ధండీ మీకు? పాత గుడ్లతో వ్యాపారమా? ఆ కంపులో మేం కాపురాలు చెయ్యాలా వద్దా? ఆఫీసులో అర్జీ పడేసే వస్తున్నా!”

“గుడ్లేమిటమ్మా? గుడ్డలు. చిరిగినవి బాగుచేసిస్తాను.”

ఆవిడ నా చెయ్యి పట్టుకుని నోటీసు దగ్గరికి లాక్కెళ్లింది. చదువుకున్నాను. ‘పాత గుడ్లు బాగుచేయు దుకాణం.’

“అయ్యో నా రాత!”

“మురిగిన గుడ్డు బాగుచెయ్యడం ఎలాగా అని మా ఆయన అన్నం కలపడం కూడా మర్చిపోయాడండీ!”

ఇద్దరం గేటు పట్టుకుని నవ్వాం. లోపలికొచ్చి గంటసేపు కూర్చుంది. మోకాళ్ల నొప్పులు చెప్పింది, మేనకోడలి కాన్పు చెప్పింది. లేచేసరికి నేను అక్కయ్యనైపోయాను. “అర్జీ వెనక్కి తీసుకుంటాలే అక్కయ్యా” అంది. తీసుకుంది కూడా.

కానీ ఆఫీసు గుమాస్తా ఒప్పుకోలేదు. “నోటీసే తప్పు కదమ్మా. సరిగ్గా రాసి అంటించండి. మళ్లీ పదిహేను రోజులు.”

కొత్త కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. తప్పు లేకుండా రాస్తే ఇంకెవరొస్తారు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. డ కింద డ ఒత్తే పెట్టి, పక్కన లు విడిగా రాశాను.

జనం ఆగేవాళ్లు, చదివేవాళ్లు, పోయేవాళ్లు. పక్కవాటా ఆవిడా వాళ్లాయనా మేనకోడలి కాన్పుకని వెళ్లారు, ఆ ఇంటికి తాళం. ఒకసారి గేటు చప్పుడైతే పరుగున వెళ్లాను. అడ్రసు అడగడానికి వచ్చాడెవరో. ఆ వీధి నాకూ తెలియదు.

పదహారో రోజు గుమాస్తా ముద్ర వేశాడు. “ఒక్క అభ్యంతరమూ లేదమ్మా! వీధిలో మీరంటే ఎంత మంచి పేరో!”

“నా పేరే ఎవరికీ తెలియదు బాబూ” అన్నాను. అప్పటికే అతను తరవాతి నంబరు పిలుస్తున్నాడు.

ఇంటికొచ్చి లైసెన్సు గోడకి తగిలించి, మిషను గుమ్మం దాకా జరిపి, తలుపు రెండు రెక్కలూ తీశాను. కుట్టడానికి ఏమీ లేదు. చిరగని దిండుగలీబు ఒకటి తెచ్చి, అంచు ఊడదీసి, మళ్లీ కుట్టడం మొదలుపెట్టాను. మిషను చప్పుడు వీధిలోకి వినబడాలి కదా.