దగ్గు మీట విన్న క్షమాపణ

నేను ఒక దగ్గు మీటను. పేరు విని నవ్వకండి. విశాఖపట్నంలోని ఒక ఎఫ్ఎం స్టూడియోలో, మైకు పక్కన, బొటనవేలంత ఎర్ర మీటను. మాట్లాడేవాడికి దగ్గొస్తే నన్ను నొక్కుతాడు. నొక్కినంతసేపూ మైకు మూగ. వదిలితే మళ్ళీ మాట ఊళ్ళోకి వెళుతుంది. ఏదో ఫ్యాక్టరీలో నాకు స్ప్రింగు బిగించి, నొక్కి చూసి, పనికొస్తానని డబ్బాలో పెట్టారు. నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే ఏమీ లేదు.

నేను బల్లెక్కిన కొత్తలోనే నీలకంఠం ఉద్యోగంలో చేరాడు. గాజువాక కుర్రాడు. పాటల మధ్య ఎండ, వాన సంగతులు చెప్పేవాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఒక పొద్దున, కొళాయి రావడం లేదని ఫోన్ చేసిన పెద్దాయనతో, "మీ కౌన్సిలర్ గారు స్నానం చేశారేమో కనుక్కోండి మాస్టారూ, చేసుంటే నీళ్ళున్నట్టే" అన్నాడు. ఊరంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు రుచి తగిలాక అతను నీలకంఠం కాడు, నిప్పు నీలూ.

ఇక అధికారులనీ తిట్టాడు, ఆటోవాళ్ళనీ తిట్టాడు, ఫోన్ చేసినవాళ్ళనీ తిట్టాడు. గేటు ముందు ధర్నాలు జరిగాయి. జరిగినప్పుడల్లా ప్రకటనలు పెరిగాయి. బీచ్ రోడ్డులో పెద్ద హోర్డింగు పెట్టారు: 'ఈ నోరు మూతపడదు!' బొమ్మలో అతని చెయ్యి సరిగ్గా నా మీదే ఉండి నన్ను కప్పేసింది.

మూతపడేదని నాకు తెలుసు. ఎవరినైనా గట్టిగా అన్న ప్రతిసారీ నన్ను నొక్కి, పక్కనున్న ఇంజినీరుని అడిగేవాడు: "ఎక్కువైందంటారా శామ్యూల్ గారూ?"

"ఎక్కువైంది బాబూ."

"అయితే పేలినట్టే!" అని నన్ను వదిలేసేవాడు.

ఒకరోజు ఎవరో ఫోన్ చేసి, ఒక బడిలో వంటమనిషి పైడితల్లి పిల్లల భోజనంలో పెట్టాల్సిన కోడిగుడ్లు ఇంటికి మోసుకుపోతోందన్నారు. నీలూ కనుక్కోలేదు. "పైడితల్లమ్మా, మీ ఇంట్లో ఆమ్లెట్టు వాసన మా స్టూడియోలోకి కొడుతోంది!" అన్నాడు. సాయంత్రానికి వీధి పిల్లలు ఆమెని 'ఆమ్లెట్టమ్మ' అన్నారు. బడివాళ్ళు పనిలోంచి ఆపేశారు. తర్వాత తేలిందేమిటంటే, అసలు ఆ బడికి కొన్నాళ్ళుగా గుడ్లే రాలేదు. అయినా తల్లుల కమిటీ, "ఆ మాట అన్నవాడి నోటితోనే రేడియోలో తప్పని చెప్పించు. అప్పుడొచ్చి గరిటె పట్టుకో" అంది.

పైడితల్లి స్టూడియో గేటు దగ్గర నిలబడి నిలబడి, చివరికి నీలూని ఒప్పించుకుంది.

ఆ ఉదయం శామ్యూల్ గారు పక్క గదిలో ఆమెని ఫోన్ లైన్లో పెట్టే పనిలో ఉన్నారు. "ఇప్పుడు పైడితల్లి గారికి నేనొక మాట చెప్పాలి" అని నీలూ ఊరికంతా చెప్పాడు. గొంతు పట్టేసింది. నన్ను నొక్కి సవరించుకుని వదిలాడు. ఏళ్ళ తరబడి అతను ఒలకబోసిన టీలోని పంచదార నా అడుగున పేరుకుపోయింది. నేను లేవలేదు. తన గొంతు తాను వినలేకో ఏమో, హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

"పైడితల్లి గారూ, నవ్వు కోసం అన్నాను. కనుక్కోలేదు. మా అమ్మ కూడా హాస్టల్లో వంట చేసి నన్ను చదివించింది. ఆమెనెవరైనా ఇలా అంటే ఊరుకునేవాణ్ణి కాను. తప్పు నాది."

అంత నిజమైన మాట ఆ మైకు ముందు నేనెప్పుడూ వినలేదు. అది నా దగ్గరే ఆగిపోయింది.

ఊరికి వినిపించింది నిశ్శబ్దం. శామ్యూల్ గారు పరుగున వచ్చేసరికి చివరి మాట చెవిన పడింది. చప్పున పాట వేసి, తడిగుడ్డతో నన్ను తుడిచి పైకి లేపారు.

"ఒక్క ముక్క బయటికి వెళ్ళలేదు బాబూ. పాట అవగానే మళ్ళీ చెప్పు."

ఫోన్ స్పీకర్లో పైడితల్లి గొంతు: "బాబూ, సెప్పీసినారేటి? నాకేటీ ఇనపడ్నేదు."

నీలూ సెల్ ఫోన్ మెసేజీలతో ఆగకుండా మోగుతోంది. 'అన్న తల వంచలేదు!' 'క్షమాపణ అడిగితే మౌనంతో కొట్టాడు, దమ్మంటే అదీ!' అతను అవన్నీ చదివాడు. స్పీకర్ వైపు చూశాడు.

"నేను చెప్పాను కదా శామ్యూల్ గారూ," అన్నాడు నెమ్మదిగా. "నా వంతు అయిపోయింది."

పాట అయిపోయింది. "గుడ్ మార్నింగ్ వైజాగ్! ఈ నిప్పు ఆరదు!"

శామ్యూల్ గారు బడికి వెళ్ళి, "నా చెవులతో విన్నానమ్మా" అని చెప్పారు. "రేడియోలో రాలేదు కదండీ" అన్నారు కమిటీ తల్లులు. పైడితల్లి హార్బర్లో రొయ్యలు ఒలిచే పనికి వెళ్ళిపోయింది.

కొత్త బల్ల వచ్చాక పాత బల్లనీ, మైకునీ, నన్నూ కింద హాల్లో అద్దాల పెట్టెలో పెట్టారు. పైన బోర్డు: 'నిప్పు నీలూ మౌనంతో జవాబిచ్చిన చోటు.' వచ్చినవాళ్ళు ఫొటోలు దిగుతారు. అంతలో ఊరికి ఇంకా పెద్ద నోళ్ళు దొరికాయి. నీలూని పొమ్మన్నారు.

వెళ్ళే రోజున సంచీతో వచ్చి, అద్దం తలుపు తీసి, నన్ను నొక్కాడు.

"పైడితల్లి గారూ, తప్పు నాది."

వదిలాడు. నేను టక్కున పైకి లేచాను. శామ్యూల్ గారు తుడిచిన నాటి నుంచి నాలో ఏ లోపమూ లేదు.