ఇస్త్రీ బల్ల దగ్గర ఫ్యాను

ఏమోయ్, చేతికి గడియారం పెట్టుకున్న పెద్దమనిషీ! ఓసారి తడుముకో. ఉందా? సరే, విను. చివర్లో మళ్లీ తడుముకుందువుగాని.

బట్టలు కుట్టే ఆ షెడ్డులో మిట్టమధ్యాహ్నం ఒకామె ఇస్త్రీ బల్ల దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. పైన రేకులు, కింద ఆవిరి, వేడిగాలిని బయటికి తోసే ఫ్యాను లేదు. నీళ్లు చల్లుతున్నవాళ్లను తప్పించుకుంటూ పరిగెత్తుకొచ్చినవాడు ఆఫీసు గదిలోని అకౌంటెంటు. పడిపోయింది అతని సొంత అక్క.

"ఏం కాలేదురా. నువ్వెళ్లు, సారు తిడతాడు," అందామె, కళ్లు పూర్తిగా తెరవకుండానే.

కాసేపటికి పనివాళ్లంతా ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చారు. ఫ్యాను కావాలన్నారు. నాలుగున్నర వేలు. యజమాని కోప్పడలేదు, నవ్వాడు.

"మీకోసం నేనేం ఖర్చు పెట్టట్లేదంటారా? చదవవయ్యా, ఈ ఏడాది స్టాఫ్ వెల్ఫేర్ ఎంతైందో!"

అకౌంటెంటు కంప్యూటర్లో లెక్కలు తెరిచాడు. అందులో అద్దె, కరెంటు, జీతాల్లాంటి తప్పనిసరి ఖర్చులు ఒక పక్క. యజమాని మనసైతే పెట్టేవి, లేకపోతే మానేసేవి ఇంకో పక్క. ఇంట్లోకి సోఫా, అల్లుడికి సూటు, పెళ్లాం పిల్లలతో షికారు, బిల్లు ఏదొచ్చినా యజమాని చెప్పినట్టే ఆ రెండో పక్కన స్టాఫ్ వెల్ఫేర్ కింద కొట్టింది అతనే. చూసేదెవరులే అనుకున్నాడు.

"తొంభై... తొంభై ఆరు వేలండీ," అన్నాడు తలెత్తకుండా.

పనివాళ్లలో పెద్దవాడైన ఇస్త్రీ తాత పొట్ట నిమురుకున్నాడు. "తొంభై ఆరు వేలు తిన్నామా! ఒక్క తేనుపు కూడా రాలేదేంటి చెప్మా?"

గదంతా ఘొల్లుమంది. అక్క మాత్రం నవ్వలేదు.

"మా తమ్ముడు చదివాడంటే నిజమే అయ్యుంటుంది. పదండి పోదాం."

చెంప పగలగొట్టినా తమ్ముడికి అంత మండేది కాదు. ఆమె గోడ పట్టుకుని మెల్లగా నడుస్తూ మళ్లీ ఆ బల్ల దగ్గరికే వెళ్లింది.

"శభాష్!" అంటూ యజమాని ఇంకో బిల్లు చేతిలో పెట్టాడు. "మా అమ్మాయి స్కూటరుది. ఇదీ అందులోనే కొట్టు."

అకౌంటెంటు ఆ పద్దు తెరిచాడు. పైనుంచి కిందికి జరుపుతుంటే ఒకచోట చూపు ఆగిపోయింది. 'చేతి గడియారం, ఒకటి. నాలుగున్నర వేలు.' అల్లుడికి కాబోలు అనుకుని కొట్టిన బిల్లు అది. ఆ మర్నాడే యజమాని నలుగురి ముందు "నా సొంత జేబులోంచి" అంటూ ఆ గడియారం అతని చేతికే తొడిగాడు. ఆ బిల్లు దీనిదేనని అప్పుడతనికి తట్టనేలేదు. ఇంటికెళ్లి చూపిస్తే అక్క దాన్ని కొంగుతో తుడిచి మురిసిపోయింది.

షెడ్డులో అందర్నీ బురిడీ కొట్టించానే అని సిగ్గుతో చస్తున్నాడు పాపం. అందరికంటే ముందు బోల్తా పడింది తనేనని ఇప్పుడు తెలిసింది. అక్కకి రావాల్సిన ఫ్యాను ఏడాదిగా అతని మణికట్టు మీదే తిరుగుతోంది.

గడియారం విప్పి స్కూటరు బిల్లు మీద పెట్టాడు. చేతి మీద తెల్లటి చార మిగిలింది.

"ఇది నేను కొట్టనండీ."

"ఏంటీ?"

"కొట్టను. తాతని పిలవండి, మొత్తం మళ్లీ చదువుతాను. ఈసారి ఒక్కో బిల్లూ."

అదేంటి పెద్దమనిషీ, నీ చెయ్యి వెనక్కి పోయిందే?