పువ్వుల్లో పెట్టిన మోకాలు

మందుల షాపు పైన ఉన్న ఆ ఫిజియోథెరపీ క్లినిక్‌లో రేడియో పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. పాటల మీద మోజుతో కాదు. పచ్చ తెరల వెనక మోకాళ్ళు వంచించుకునేవాళ్ళ కేకలు మెట్ల మీద కూర్చున్న కొత్తవాళ్ళ చెవిన పడితే వచ్చిన దారినే పారిపోతారని. ఆ కేకల్లో సగానికి పైగా ఒక్క మనిషి పుణ్యమే. ఆవిణ్ణి చాటుగా ఇనుప చేతులావిడ అనేవారు, ఎదురుగా ఉంటే మేడమ్ అనేవారు.

ఆవిడ చేతిలో పడ్డవాళ్ళు మొదటి వారం ఆవిడ వంశాన్నంతా తిట్టేవారు. కొన్నాళ్ళకు చేతికర్ర పక్కన పారేసి, తిట్టిన నోటితోనే దీవించి వెళ్ళేవారు. మోకీలు మార్చే ఆపరేషన్ చేయించుకుని వచ్చినవాళ్ళందరికీ ఆవిడ పాఠం ఒక్కటే. "కొత్త కీలు పెట్టడం డాక్టర్ గారి వంతు. వంచుకోవడం మన వంతు. ఈ మొదటి వారాల్లో ఏడుస్తూ అయినా వంచుకున్నారా, జన్మంతా వంగుతుంది. గారాలు పోయారా, లోపల కండ గట్టిపడి కాలు కట్టెలా బిగుసుకుపోతుంది. తర్వాత దేవుడు దిగొచ్చినా వంగదు."

అలాంటి మనిషి మంచం మీదికి ఒకరోజు మోకీలు మార్పించుకున్న పరుగుల కోచ్ ఒకాయన వచ్చాడు. పండు ముసలి. ఒక చెయ్యి వాకర్ మీద, ఒక చెయ్యి భార్య భుజం మీద. ఉద్యోగం వదిలి ఎన్నేళ్ళయినా మెడలో ఈల మాత్రం వదల్లేదు.

"నాకు పెద్ద ఆశలేం లేవమ్మా. గ్రౌండ్‌కి వెళ్ళాలి, గ్యాలరీ మెట్లెక్కాలి, నా బూట్ల లేసులు నేనే కట్టుకోవాలి. ఇంకోడు వంగి నా బూట్లు తొడిగే రోజొస్తే మాత్రం బతికి దండగ," అన్నాడు.

ఆ గొంతు వినగానే ఆవిడ చేతిలోని తువ్వాలు జారిపోయింది. ఆయన మాత్రం ఆవిడ మొహాన్నీ, కొద్దిగా ఈడ్చే ఎడమ కాలినీ చూసి, చూపు గోడ మీదికి తిప్పుకున్నాడు. గుర్తుపట్టలేదనుకుంది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. బతుకు బుగ్గి చేసినవాడికి కనీసం మొహమైనా గుర్తుండక్కర్లేదా?

ఒకప్పుడు ఈ ఇనుప చేతులావిడ పరుగెడితే పక్కనున్నవాళ్ళు నడుస్తున్నట్టుండేది. పెద్ద పోటీకి ముందు మోకాలు వాచింది. అడుగు వేస్తే లోపల ఏదో తప్పుకుంటోందని ఆ పిల్ల ఏడ్చి చెప్పింది. "నాటకాలు," అన్నాడు కోచ్. ఐసు గడ్డ రుద్ది గీత మీద నిలబెట్టి ఈల ఊదాడు. మలుపు దగ్గర మోకాలు మెలితిరిగి పడిపోయింది. అందరి ముందూ, "ఓడిపోతానని భయపడి పడింది, మోకాలొక సాకు," అని తండ్రికి చెప్పాడు. తండ్రి కోచ్ మాటే నమ్మాడు. స్కాన్ తీయించేసరికి లోపల తెగిన లిగమెంటు అతికించే వేళ దాటిపోయింది. ఆ తండ్రి పోయేదాకా కూతుర్ని నాటకాలదనే పిలిచాడు. ఇంట్లో అదే ఆమె పేరైపోయింది.

ఇప్పుడు అదే నోరు, పళ్ళు బిగించుకుని, "కానివ్వమ్మా," అంటోంది.

ఆవిడ ఆయన మడమ పట్టుకుని కాలిని వంచింది. ఆయన మంచం కమ్మీ పట్టుకున్నాడు. నుదుటి నరాలు ఉబ్బాయి. మామూలుగా అయితే ఆవిడ పని మొదలయ్యేదే అక్కడ. ఏం చేయబోతోందో ఆవిడకూ తెలియదు, తన నోటి మాట తన చెవిన పడేదాకా.

"నొప్పిగా ఉందా మాస్టారూ?"

"ఉందిలే."

"అయితే ఇవాళ్టికి చాలు."

వేడి కాపడం పెట్టి, నూనె రాసి, పిక్కలు మెల్లగా ఒత్తి పంపేసింది. ఇంత తేలికా అనుకుంది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పక్క తెరల వెనక సణుగుడు మొదలైంది. "మాకేమో పట్టపగలే చుక్కలు చూపిస్తుంది. ఆయన్నేమో పువ్వుల్లో పెట్టి చూసుకుంటోంది. ఆవిడకేమవుతాడో మరి." కోచ్ భార్య మాత్రం ఉబ్బితబ్బిబ్బయింది. ఈయన రాత్రిళ్ళు హాయిగా నిద్రపోతున్నారట, అంతా ఈ తల్లి చేతి చలవేనట. కానీ ఆ ఇల్లాలు గుడ్డిదేం కాదు. ఒకరోజు పక్క తెర సందులోంచి చూసి అడిగేసింది.

"ఆ పక్క మంచం ఆవిడ ఆపరేషన్ కూడా ఈయనతో పాటే అయింది కదమ్మా. ఆవిడకి మోకాలు చక్కగా మడతపడుతోంది. ఈయనకి కదలట్లేదేం?"

"ఒక్కో ఒళ్ళు ఒక్కో తీరమ్మా," అంది ఇనుప చేతులావిడ, తడుముకోకుండా.

గడువు దగ్గర పడుతోందని ఆవిడ చేతికి తెలుస్తూనే ఉంది. మోకాలి చుట్టూ చర్మం కింద బిగువు రోజురోజుకూ ముదురుతోంది. ఒకరోజు కోచ్ తనంతట తానే, "ఇంకాస్త గట్టిగా నొక్కమ్మా, ఓర్చుకుంటాను," అన్నాడు. ఆవిడ నొక్కింది. లోపల ఏదో సడలింది. అరచేతి కింద మోకాలు వేలెడంత లొంగింది. ఇంకొక్క పట్టు పడితే వంగుతుంది. ఆయన గావుకేక పెడతాడు, కానీ వంగుతుంది. బూట్ల లేసులు, గ్యాలరీ మెట్లు, అన్నీ ఆ ఒక్క పట్టులో ఉన్నాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఎదురుచూస్తున్నాడు.

ఆవిడ చెయ్యి తీసేసింది.

"పెద్దవారు. మీకెందుకు మాస్టారూ ఇంత బాధ?"

ఆయన కంటి చివర నీళ్ళు నిలిచాయి. నొప్పికేమో అనుకుందావిడ.

ఆపరేషన్ చేసిన డాక్టర్ చూసి పెదవి విరిచాడు. మత్తిచ్చి బలవంతాన వంచే దారి ఒకటుందన్నాడు. గుండె పరీక్షలు చేశాక ఆ దారీ లేదన్నాడు. కొందరి ఒంటి తత్వం అంతే, ఎవరి తప్పూ కాదన్నాడు. ఆవిడ తప్పించుకుంది.

ఆ వారంలోనే కోచ్ భార్యతో కలిసి చివరిసారి క్లినిక్‌కి వచ్చాడు. కుర్చీలో కూర్చుంటే కాలు గది మధ్యకు నిటారుగా చాచుకుని ఉంది. అటూ ఇటూ వెళ్ళేవాళ్ళు దాన్ని దాటుకుని పోతున్నారు.

"నువ్వెవరివో నాకు మొదటిరోజే తెలుసమ్మా. నిజానికి నువ్వేనని తెలిసే వచ్చాను. నన్ను ఏడిపించి నీ కసి తీర్చుకుంటావు, నా కాలూ బాగవుతుంది, ఇద్దరి లెక్కా సరిపోతుందనుకున్నాను. నువ్వేమో కడుపులో పెట్టుకుని చూసుకున్నావు. ఆవేళ, పెద్దవారు మీకెందుకు బాధ అన్నావే, ఆ రోజే నన్ను క్షమించావని తెలిసింది. కాలు వంగకపోతే పోయింది. నా గుండె తేలికయింది."

ఈయన కాలు పోగొట్టుకుని సంతోషంగా ఉన్నాడు! అది మాత్రం ఆవిడ సహించలేకపోయింది.

"నేను క్షమించలేదు మాస్టారూ. నొప్పి పెట్టకుండా మోకాలు వంగదని నాకు తెలుసు. తెలిసే వంచలేదు. ఆ రోజు వంగబోతుంటే చెయ్యి తీసేశాను. మీ కాలు కట్టె కావాలనే చేశాను."

కోచ్ ఫక్కున నవ్వాడు.

"నాటకాలు! పొగిడితే సిగ్గుపడి ఏదో ఒకటి కల్పిస్తావు. చిన్నప్పటి నుంచీ నీకిదే జబ్బు."

ఆనాడు నొప్పి చెబితే నమ్మలేదు. ఈనాడు పగ చెప్పినా నమ్మలేదు.

నమ్మింది భార్య. గుమ్మం దగ్గర కష్టం మీద నేల మీద కూలబడి, భర్త చాచిన కాలికి బూటు తొడిగి, లేసులు ముడివేసింది. వేస్తున్నంతసేపూ తలెత్తి ఇనుప చేతులావిడ మొహంలోకే చూసింది.

కోచ్ ఒక్కో మెట్టూ పక్కవాటుగా దిగుతూ, ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెబుతూ పోయాడు. "ఆవిడ దగ్గరికే వెళ్ళండి. అది చెయ్యి కాదు, వెన్న."

కొత్తగా వచ్చిన ముసలమ్మ ఆశగా మంచం ఎక్కింది.

"అస్సలు నొప్పి పెట్టవటగా తల్లీ? మాస్టారు చెప్పారు."

ఆవిడ రేడియో గొంతు పెంచి, ముసలమ్మ మడమ పట్టుకుంది.