బీరువా తలుపు చప్పుడు

"పోయినేడాది సినిమా ఎనిమిది నిమిషాలు. మూడో నిమిషంలో డీలర్లు టీకి లేవడం మొదలుపెట్టారు. అయిదో నిమిషానికి హాల్లో మిగిలింది నేనూ, ప్రొజెక్టరు నడిపేవాడూ. వాడూ నా వంకే చూస్తున్నాడు, ఈయన కూడా లేస్తే ఆపేసి పోదామని."

బీరువాల కంపెనీ యజమాని ఈ సంగతి నవ్వుతూనే చెప్పారు. ఆ సినిమాలో ఆకాశం నుంచి తీసిన ఫ్యాక్టరీ ఉందట, డ్రమ్ముల మోత ఉందట, "నాణ్యత, నమ్మకం" అంటూ ఉరిమే గొంతు ఉందట. ఉరిమినకొద్దీ జనం పలచబడ్డారట.

"ఈసారి మూడు నిమిషాలు చాలు. శనివారం డీలర్ల సమావేశం. వాళ్ళు కుర్చీల్లోంచి లేవకపోతే ఏడాది పొడుగునా మా వీడియోలన్నీ మీకే. లేచారా, ఇక వీడియోల జోలికి పోను. పోస్టర్లు వేయించుకుంటాను. ముందు నుంచి ఎవరు లేచిపోయినా పోస్టరుకు బాధ ఉండదు."

బయటికి వచ్చాక మా ఆడపడుచు మెట్ల మీద ఆగింది. "వదినా, సోమవారంలోగా నేను వాళ్ళకి చెప్పాలి. గుర్తుందిగా?"

గుర్తుంది. ఆమెకు ఒక పెద్ద ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళ కిందట ఇద్దరం చేస్తున్న ఉద్యోగాలు మానేసి, మా ఇంటి వెనక గదిలో ఈ వీడియోల పని పెట్టుకున్నాం. కెమెరా ఆమెది. ఎడిటింగూ చప్పుళ్ళూ నావి. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా ఇంట్లో అందరం ఆమెను పిచ్చుక అనే అంటాం. చేతికి కెమెరా ఇస్తే తప్ప ఒక చోట నిలవదు. ఇంతవరకూ మేం తీసినవన్నీ ఒకే బాపతు: హెల్మెట్ ఎలా పెట్టుకోవాలి, మంటలంటుకుంటే ఏ గుమ్మంలోంచి పరిగెత్తాలి. చూసినవాళ్ళు సంతకం పెట్టి వెళ్ళిపోతారు. కథలాగా చెప్పండి అని మమ్మల్ని అడిగిన మొదటి మనిషి ఈ యజమానే. ఇది కూడా తప్పిపోతే ఆమె ఆ ఉద్యోగంలో చేరిపోతుంది. తప్పు పట్టడానికి కూడా లేదు. నేనొక్కదాన్నే వెనక గదిలో కూర్చుని హెల్మెట్లు కత్తిరించుకోవాలి.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్ళాం. రేకులు కోసే చోటా, వంచే చోటా, రంగు వేసే చోటా తిరిగాం. పిచ్చుక కెమెరాతో బల్లల కిందికి దూరింది, నిచ్చెనలెక్కింది. నాకు మాత్రం పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. ప్రెస్సు ధబ్బుమన్నప్పుడల్లా నా హెడ్‌ఫోన్లలో పిడుగు పడేది. ఏ ఫ్యాక్టరీకి పోయినా ఆ పిడుగే.

చిట్టచివరి గదిలో దొరికారు చెవి మాస్టారు. పనివాళ్ళు ఆయనకు పెట్టిన పేరది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టి చేతుల చొక్కా, జేబులో సుద్దముక్క. తయారైన ప్రతి బీరువా ఆయన ముందు ఆగాలి. ఆయన తలుపు తీస్తారు, కళ్ళు మూసుకుంటారు, వేస్తారు. అలా మూడుసార్లు. పిడి తిప్పుతారు. లోపలి కడ్డీలు కదిలి గాడిలో పడతాయి. నచ్చితే సుద్దతో టిక్కు పెడతారు. నచ్చకపోతే తలుపు మీద సున్నా చుట్టి "మడతబందు బిగువుగా ఉంది, వెనక్కి" అంటారు.

"ఇంత మోతలో మీకెలా వినబడుతుంది మాస్టారూ?"

"ఇంట్లో పదిమంది మాట్లాడుతున్నా మీ అత్తగారు పిలిస్తే మీకు వినబడదామ్మా?"

"వినబడుతుంది. వినబడనట్టు ఉండటమే కష్టం."

ఆయన చెవి మోతనంతా పక్కకు నెట్టి తలుపును మాత్రమే తీసుకుంటుంది. నా మైకుకి ఆ తెలివి లేదు. ఇంటికొచ్చి వింటే అన్నీ పిడుగులే. వాటి అడుగున ఎక్కడో, బావిలో పడ్డ చెంబులా, బీరువా తలుపు.

అప్పుడు చేశాను ఆ వెధవ పని.

"అత్తయ్యా, మీ బీరువా ఒక గంట కావాలి."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. తలుపు చప్పుడు రికార్డు చేసుకుంటాను."

అత్తయ్య నన్ను ఎగాదిగా చూశారు. "మధ్యాహ్నం పూట నేను బీరువా తీస్తే నిద్ర చెడిందని నీ మొగుడి గోల. ఇప్పుడు నీకు చప్పుడు కావాలా? బాగుందమ్మా మీ సంసారం! తాళంచెవి మాత్రం ఇవ్వను. నేనే తీస్తాను, నేనే వేస్తాను."

కిటికీలకు దుప్పట్లు కట్టాం. ఫ్యాను ఆపాం, ఫ్రిజ్ ఆపాం. అత్తయ్య బీరువా ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మూడోసారి తలుపు వేస్తూ తుమ్మారు.

"తుమ్ము తీసేస్తాలెండి."

"ఎందుకు తీసేయడం? ఇంట్లో మనుషులున్నట్టుంటుంది!"

తుమ్ము తీసేశాను. చప్పుడు మాత్రం అద్భుతంగా వచ్చింది. బరువుగా, నిండుగా, కడుపు నిండినవాడు తృప్తిగా నిట్టూర్చినట్టు. బీరువా అంటే బీరువాయే, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఫ్యాక్టరీ బొమ్మల కింద అదే చప్పుడు నాలుగుచోట్ల పరిచి, మధ్యలో కొంచెం సంగీతం, చివర్లో నలభై సెకన్లు యజమాని మాటలు పెట్టి సినిమా పూర్తి చేశాం.

గురువారం ఆయనకు చూపించాం. ఆయనకు నచ్చింది. "ఆ తలుపు చప్పుడుందే! అదమ్మా మన కంపెనీ అంటే!" అన్నారు. సినిమాలో ఉన్నారు కదా, ఆయన కూడా చూడాలి అని చెవి మాస్టారిని పిలిపించారు.

మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి చూశారు. అయిపోయాక అన్నారు, "మళ్ళీ ఒకసారి వేయండమ్మా." ఈసారి చూడలేదు, కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత నన్ను చూడకుండా, యజమానితో చెప్పారు.

"ఇది మన తలుపు కాదు సార్."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి దానంతటదే మెడ మీదికి పోయింది. పిచ్చుక గబుక్కున అందుకుంది. "మైకును బట్టి తేడా వస్తుంది మాస్టారూ..."

"మైకును బట్టి తేడా వస్తుందమ్మా, బందుల లెక్క మారదు. మన తలుపుకి రెండు బందులు. ఇది మూడు బందులది, ఆ అవతలి కంపెనీ వాళ్ళది. ఇరవయ్యేళ్ళ పైమాటే. కింది అరలో ఏదో బరువుంది. ఇనుమో, పుస్తకాలో."

కింది అరలో మా మామగారి నిఘంటువులున్నాయి, ఎనిమిది సంపుటాలు. ఇక దాచడానికేముంది?

"మా అత్తగారి బీరువా అండీ," అన్నాను. "ఫ్యాక్టరీలో మోత ఎక్కువై ఇంట్లో తీశాను. తప్పయిపోయింది."

యజమాని కుర్చీ నా వైపు తిప్పారు. "మా డీలర్లు రోజుకి వందసార్లు బీరువాలు తీసి వేసి చూపిస్తారమ్మా. రెండు కంపెనీలవీ అమ్ముతారు. శనివారం ఇది విని ఉంటే టీకి లేవడం కాదు, పొట్టలు పట్టుకుని లేచేవాళ్ళు." నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మాస్టారే అన్నారు, "రేపు భోజనాల వేళ ప్రెస్సులు నలభై నిమిషాలు ఆగుతాయి సార్. అప్పుడు పట్టుకోమనండి. పిల్లలు కష్టపడ్డారు." నలభై ఆరేళ్ళొచ్చాక నన్ను ఎవరైనా పిల్ల అనడం అదే మొదలు.

ఇంట్లో చెబితే అత్తయ్య మొహం వెలిగిపోయింది. "చూశావా, మూడు బందులు! మీ మామగారు ఏరి ఏరి తెచ్చారు."

శుక్రవారం ప్రెస్సులు ఆగాయి గానీ, ఆ గదికి ఆనుకునే క్యాంటీను. రెండు వందల మంది డబ్బాలు తెరుచుకుని కూర్చున్నారు. మాస్టారు గుమ్మంలో నిలబడ్డారు.

"పది నిమిషాలు. చెంచా చప్పుడు కూడా వినబడకూడదు."

"నమలొచ్చా మాస్టారూ?"

"మెత్తనివి నమలండి."

నవ్వులు సద్దుమణిగాక చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. మాస్టారు తలుపు తీశారు, వేశారు. పిడి తిప్పారు. నాకు కావలసిన చప్పుడు వచ్చింది. అత్తయ్య బీరువా కంటే సన్నగా, చిన్నగా. మైకు ఆపకుండానే అడిగాను.

"కళ్ళు మూసుకుని దేనికోసం వింటారు మాస్టారూ?"

ఆయన సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పారు. "మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు మాది ఒకటే గదమ్మా. పొద్దున్నే షిఫ్టుకి రావాలి, బీరువాలోంచి చొక్కా తీసుకోవాలి. తలుపు కిర్రుమంటే పిల్ల లేస్తుంది. పిల్ల లేస్తే వాళ్ళమ్మ లేస్తుంది."

"ఆవిడ తిట్టేదా?"

"తిడితే బాగుండేది. ఏమీ అనకుండా నా వంక చూసేది." ఆయన నవ్వారు. "అప్పట్నుంచీ ప్రతి తలుపు దగ్గరా ఒకటే అనుకుంటా. ఈ చప్పుడికి పిల్ల లేస్తుందా, లేవదా? లేస్తుందనిపిస్తే వెనక్కి పంపేస్తా."

పిచ్చుక కెమెరా వెనకనుంచి నన్ను చూసింది. ఇంటికి రాగానే ఆమె పక్కింటికి పరిగెత్తి, వాళ్ళ పదినెలల పాపాయి పక్కన మైకు పెట్టుకుని కూర్చుంది. నేను సంగీతం తీసేశాను. కంపెనీని ఆకాశానికెత్తుతూ నేను రాసిన వ్యాఖ్యానమంతా తీసేశాను. చివరికి యజమానికి ఫోను చేశాను.

"సార్, మీ నలభై సెకన్లు కూడా తీసేశాం."

"నేను మాట్లాడితే నిద్రొస్తుందని మా ఆవిడ కూడా అంటుందిలెండి. మరి మొదట్లో ఏముంటుంది?"

"చీకటి సార్. పన్నెండు సెకన్లు."

"కరెంటు పోయిందనుకుంటారమ్మా!"

"అనుకోనివ్వండి."

ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

శనివారం హాల్లో నూట యాభై మంది. లైట్లు ఆర్పారు. తెర మీద చీకటి. రెండు సెకన్లు, మూడు, నాలుగు.

"సౌండ్ పెంచవయ్యా!" ఎవరో అరిచారు.

"ఉండండి, ఎవరో ఊపిరి పీలుస్తున్నారు."

పాపాయి ఊపిరి. తర్వాత అడుగులు, మెల్లగా, ఎవర్నీ లేపకూడదన్న జాగ్రత్తతో. పిడి తిరిగింది, కడ్డీలు గాడిలోంచి బయటికి జరిగాయి, తలుపు తెరుచుకుంది. బట్ట సర్రుమంది. తలుపు పడింది. ఊపిరి అలాగే సాగుతోంది.

"లేవలేదు!" ముందు వరసలో ఒక పెద్దమనిషి గుసగుసగా అన్నాడు. హాలంతా నవ్వింది.

అప్పుడొచ్చింది వెలుగు, మాస్టారి మూసిన కళ్ళ మీద. ఆయన గొంతే కథ చెప్పింది. మరో తలుపు తీశారు. కిర్రు. ఊపిరి ఆగింది. పాపాయి కదిలింది, మూలిగింది, ఆరున్నొక్క రాగం అందుకుంది.

"అయ్యయ్యో!"

"వెనక్కి పంపండి మాస్టారూ, వెనక్కి!"

తెర మీద మాస్టారు సున్నా చుట్టారు. చప్పట్లు పడ్డాయి. మూడో తలుపు మొదలయ్యేసరికి మళ్ళీ పాపాయి నిద్రపోయింది. సరిగ్గా అప్పుడే పక్క గుమ్మం తెరుచుకుంది. టీ బండి. కప్పులు గలగలలాడాయి.

పదిహేను తలలు ఒక్కసారి అటు తిరిగాయి.

"ష్! పిల్ల నిద్రపోతోంది!"

టీ తెచ్చిన మనిషి బిక్కచచ్చిపోయి, కప్పుల మీద చేతులు పెట్టి, బండితో సహా మునివేళ్ళ మీద వెనక్కి వెళ్ళిపోయాడు. వెనక నిలబడ్డ యజమాని నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. భుజాలు ఊగుతున్నాయి.

లైట్లు వేశాక చూస్తే పక్కన పిచ్చుక లేదు. వరండాలో గోడకానుకుని ఫోను మాట్లాడుతోంది. "లేదండీ, చేరడం లేదు... అబ్బే, జీతం గురించి కాదు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది."

"సార్ ఇంకా మనకి ఏమీ చెప్పలేదే!" అన్నాను, ఆమె ఫోను పెట్టేదాకా ఆగలేక.

"నువ్వు తెర చూశావు వదినా. నేను వాళ్ళ మొహాలు చూశాను."

ఇంతలో యజమాని, ఆయన వెనక మాస్టారు వచ్చారు. మాస్టారి చుట్టూ అప్పుడే నలుగురు డీలర్లు మూగి, తమ షాపుల్లో ఏ తలుపు ఎలా అరుస్తుందో నోటితో చేసి వినిపిస్తున్నారు.

"వచ్చే నెల మా కంపెనీ చేసే ఆఫీసు కుర్చీల మీద తీయాలమ్మా," అన్నారు యజమాని. "వాటికి మాస్టారు పనికిరారు."

"నాకు కుర్చీలు తెలియవు," అన్నారు మాస్టారు. "ప్రతి కుర్చీలోనూ కూర్చుని చూడటానికి వేరే ఒకావిడ ఉంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కానీ ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు."

"ఆవిడ ఎక్కడ కూర్చుంటారు మాస్టారూ?" అప్పటికే పిచ్చుక కెమెరా సంచీ భుజానికి తగిలించుకుంది.