ఒకే పేరున్న రెండు ఫోల్డర్లు

రాగిముద్దకు ఎసరు పెడుతున్న అంబికను మంజునాథ్ హాల్లోంచి కేకేశాడు.

"అంబీ, నీ మామిడిపిందె అంచు యాడుండాది? చీరలంగడాయన లైన్లో ఉండాడు."

"డిజైన్లు ఫోల్డర్లో."

"దాంట్లో అన్నీ నావే ఉండాయి కదా!"

స్టవ్ తగ్గించి వచ్చి చూసింది. కొత్త కంప్యూటర్లో 'డిజైన్లు' అనే ఫోల్డర్ ఒకటే ఉంది. అందులో మంజునాథ్ గీసిన గళ్లు, చారలు. పెళ్లయినప్పటి నుంచీ వంటిల్లు సర్దాక కూర్చుని ఆమె గీసిన అంచులు, కొంగులు ఒక్కటీ లేవు. కంప్యూటర్ చెత్తబుట్టలోనూ లేవు.

"పొద్దున నా ఫోల్డర్ దీంట్లోకి లాగితిని," అన్నాడు. "అదే పేరుతో ఇంకోటి ఉండాది, రీప్లేస్ చేయాలా అనడిగె. ఊఁ అంటిని. పాత కంప్యూటర్లో రెండూ కలిసిపోతా ఉండె కదప్పా!"

ఈ కొత్తది కలపదు. ఉన్నదాన్ని తీసేసి వచ్చినదాన్ని పెడుతుంది. ఆ మాట ఆమె మొన్ననే చెప్పబోతే, "ముందు సాంబారు చూడుపో" అన్నాడు.

ఆమె ఫోల్డర్‌కు మొదట 'అంబిక అంచులు' అని పేరుండేది. అత్త వెంకటలక్ష్మి చూసి, "ఒగే మగ్గాలింట్లో నీది, నాది అని వేరు పెడతారామ్మా?" అంది. "తీసేయ్ అంబీ, అంతా మనదే కదా," అని మంజునాథ్ నవ్వాడు. తీసేసింది. కబ్బన్‌పేట చీరలంగళ్లవాళ్లు వచ్చి అంచు మెచ్చుకుంటే "మా మంజు చెయ్యి" అనేది అత్త. అంబిక అప్పుడు కాఫీ లోటాలు తీస్తూ ఉండేది. ఇంటిపేరు మార్చినప్పుడు కూడా ఈ ఇంట్లో కలిసిపోయిందనే అన్నారు. కలిశాక తనది ఏం మిగిలిందో ఎవరూ తెరిచి చూడలేదు. వీళ్లకంటే కంప్యూటర్ నయం, తీసేసేముందు ఒక మాట అడిగింది. అడిగింది కూడా ఆయన్నే.

చేతిసంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది.

"కాపీ ఉండాదా! బతికించినావు. దాంట్లోనే కలిపెయ్, నేను పంపిస్తా."

ఫోల్డర్ లాగింది. మళ్లీ అదే ప్రశ్న. వద్దని నొక్కి, పేరు మార్చి, మళ్లీ లాగింది. తెరమీద 'అంబిక అంచులు' అని వచ్చింది.

"ఇప్పుడు పేరేల అంబీ? అమ్మ చూస్తే..."

"ఒకే పేరుంటే ఒకటే మిగుల్తాది. చూస్తివి కదా."

అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఎసరు పొంగతా ఉండాది, చూడుపో," అని ఫోన్ చెవికి పెట్టుకుంది. "అన్నా, నేను అంబికను. ఆ అంచు గీసింది నేనే. ఇంకమీదట అంచులకు నాకే ఫోన్ చేయండి."